మూడో రిసెప్టర్

మొదటి ఎనిమిది నెలలు నా చేతికి నమ్మదగిన అంకె ఒక్కటి కూడా రాలేదు.

శంషాబాద్ దగ్గరి ల్యాబ్‌లో నేను చేరింది 2010లో. ఎయిర్‌పోర్టు తెరిచి అప్పటికి రెండేళ్లు. షాద్‌నగర్‌లో పొద్దున ఆరున్నరకు బస్సెక్కి, శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి కంపెనీ వ్యాన్‌లో లోపలికి పోయేదాన్ని. విదేశాల్లోని మందుల కంపెనీలకు పరిశోధన చేసిపెట్టే చిన్న సంస్థ మాది. మందు ఒకరిది, రోగం ఇంకొకరిది, మధ్యలో ప్రయోగాలు మాత్రం మావి.

నాకప్పగించిన పని న్యూరోకైనిన్ల మీద. నరాల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వదిలే చిన్న ప్రొటీన్ ముక్కల్ని న్యూరోపెప్టైడ్లు అంటారు. ఆ కబురు అందుకునేందుకు అవతలి కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి. న్యూరోకైనిన్ల కుటుంబంలో రిసెప్టర్లు మూడు, పెప్టైడ్లూ ముఖ్యంగా మూడే. ఒక్కో పెప్టైడ్‌కు ఒక్కో రిసెప్టర్ అంటే ఎక్కువ ఇష్టం. కానీ మోతాదు పెరిగితే పక్క రిసెప్టర్ దగ్గరికీ పోతుంది. ఇదంతా మా అమ్మకు చెప్పాలని ఒకసారి చాలా ప్రయత్నించాను. ముగ్గురన్నదమ్ముల ఇళ్లకు చుట్టాలొస్తే ఎవరికి దగ్గరైన ఇంట్లో వాళ్లు దిగుతారు కదా, జనం ఎక్కువైతే ఏ ఇంట్లోనైనా తింటారు కదా, అట్లాగే ఇదీ అన్నాను. నా పని చిన్న తమ్ముడి తలుపు ఒక్కటే మూసే మందును వెతకడమనీ, మిగతా రెండు తలుపులు తెరిచే ఉండాలనీ చెప్పాను.

"చుట్టాలొస్తుంటే తలుపు మూసుడేంది" అని అమ్మ లేచి లోపలికి పోయింది.

ఆ చిన్న తమ్ముడే మూడో రిసెప్టర్. దాన్ని మూస్తే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లకు మేలు జరగొచ్చని ఆ రోజుల్లో చాలామంది ఆశపడ్డారు. మాకు పని ఇచ్చిన కంపెనీ కూడా అదే ఆశతో ఉంది. మనిషి రిసెప్టర్‌ను పెట్టిన కణాల్ని మేం పళ్లాల్లో పెంచేవాళ్లం. పెప్టైడ్ తగలగానే ఆ కణాలు మెరిసేలా ఒక రంగు కలిపేవాళ్లం. ముందుగా మందు వేసి, తర్వాత పెప్టైడ్ వేసి, మెరుపు ఎంత తగ్గిందో కొలవాలి. వినడానికి ఎంతో తేలిక. కానీ మూడో రిసెప్టర్ ఇష్టపడే ఆ పెప్టైడ్ నీళ్లలో సరిగ్గా కరగదు. సోమవారం ఒక అంకె వస్తే బుధవారం దానికి పదింతలు తేడాతో ఇంకో అంకె వచ్చేది. అదే మందు, అవే కణాలు, కొలిచేదీ నేనే.

ఒకసారి కొత్త పెప్టైడ్ తెప్పించాం. అది డ్రై ఐస్‌లో వస్తుంది. పార్శిల్ దిగిందని కబురు వచ్చిన రోజు నేను మేడ మీదికి పోయి ఎయిర్‌పోర్టు వైపు చూశాను. కార్గో షెడ్లు ఎండలో తెల్లగా కనిపిస్తున్నాయి. పట్టుమని పది నిమిషాల దారి కూడా కాదు. ఆ పార్శిల్ నా బల్ల మీదికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. తప్పు మాదే. మా కొనుగోళ్ల విభాగం ఒక కాగితంలో రసాయనం అని, ఇంకో కాగితంలో ప్రొటీన్ అని రాసింది. రెండు కాగితాలూ ఒకటయ్యేదాకా కస్టమ్స్ నుంచి పార్శిల్ కదల్లేదు. పెట్టె విప్పితే లోపల ఐస్ ఆనవాలు కూడా లేదు. గోరువెచ్చటి థర్మోకోల్ పెట్టెలో అడుగున చిన్న సీసా ఒక్కటే పడి ఉంది. దాన్ని పారేయడానికి కూడా మళ్లీ ఇంకో కాగితం రాయాల్సి వచ్చింది.

ఆ చిరాకులో ఉండగానే కోల్డ్ రూం సంగతి బయటపడింది.

కోల్డ్ రూం అంటే ఫ్రిజ్ అంత చల్లగా ఉంచే గది. ఏ రోజు ద్రావణాలు, పళ్లాలు ఆ రోజు అందులోనే పెడతాం. గోడకున్న యంత్రం గది చల్లదనాన్ని రోజంతా గీత గీస్తూ నమోదు చేస్తుంది. ఆ గీత రోజూ మూడు నాలుగు సార్లు పైకి లేస్తున్నట్టు ఒకనాడు గమనించాను. ఎవరో తలుపు తీసి ఉంచుతున్నారన్నమాట. నా అంకెలు ఎందుకు ఆడుతున్నాయో దొరికిందనుకున్నాను. మధ్యాహ్నం కాపు కాసి తలుపు లాగాను.

లోపల గాజు సామాను కడిగే అక్క ఉంది. రావిర్యాల వైపు ఊరు ఆమెది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. కాంట్రాక్టర్ కింద పనికొచ్చేది. ఆమె కడిగిన బీకరు వెలుతురుకు పట్టి చూస్తే మరక కనిపించేది కాదు. ఆ రోజు బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని, కొంగు జార్చి, మెడ వెనక తడి గుడ్డ పెట్టుకుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఏం జేస్తున్నవక్కా ఇక్కడ?"

"జర సల్లగుంటదని వచ్చిన మేడం. రెండు నిమిషాలే. పోతున్న."

"నువ్వు తలుపు తీసినప్పుడల్లా నా పని ఖరాబైతున్నది. ఎనిమిది నెలల సంది పరేషాన్ అయితున్న. ఇగ మళ్ల ఈ రూంలకు రావొద్దు."

"రాను మేడం."

ఆమె కొంగు సర్దుకుని నా పక్కనుంచి వెళ్లిపోయింది. మొహమంతా ఎర్రగా ఉంది. కోల్డ్ రూంలో కూర్చున్న మనిషికి చెమట పట్టి ఉంది. అది నేను చూశాను. చూసీ ఎందుకని అడగలేదు.

ఆమె రావడం మానేసింది. గోడ మీది గీత చదునుగా మారింది. నా అంకెలు మాత్రం ఎప్పటిలాగే గంతులేశాయి. మరో మూడు వారాలకు గానీ అసలు కారణం దొరకలేదు. మేం వాడే ప్లాస్టిక్ గొట్టాల గోడలకు ఆ పెప్టైడ్ అంటుకుపోతోంది. గొట్టంలో వేసినదాంట్లో సగం కూడా కణాల దాకా చేరడం లేదు. గొట్టాలు మార్చి, ద్రావణంలో కాస్త అల్బుమిన్ అనే ప్రొటీన్ కలిపాక అంకెలు ఒక వరుసకు వచ్చాయి. తప్పు అక్కది కాదని ఆమెతో చెప్పాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది దాటించాను.

తర్వాతి కష్టం ఎలుకలతో వచ్చింది. పళ్లెంలో మా మందుల్లో ఒకటి చక్కగా పనిచేసింది. మూడో తలుపు మూసింది, మిగతా రెండింటి జోలికి పోలేదు. ఎలుకలకు ఇస్తే మాత్రం ఏమీ జరగలేదు. మోతాదు రెట్టింపు చేశాం. అయినా ఏమీ లేదు. మనిషి మూడో రిసెప్టర్‌కూ ఎలుక మూడో రిసెప్టర్‌కూ తేడా ఉంది, మనిషిదాన్ని మూసే మందు ఎలుకదాన్ని సరిగ్గా మూయదు. ఇది మాకు తెలియని సంగతి కాదు. నేనే మొదటి నెలలో రాసిచ్చాను, గినీ పందులనే చిన్న జంతువుల్లో ఆ రిసెప్టర్ మనిషిదానికి దగ్గరగా ఉంటుందని కూడా రాశాను. కానీ ఒప్పందంలో ఎలుక అని ఉంది. సమ్మెతో బస్సులు ఆగిపోయిన రోజుల్లో శంషాబాద్ దాకా ఒకరి బండి మీద, అక్కడి నుంచి ఇంకొకరి ఆటోలో వచ్చి మరీ ఆ ఎలుకలకు పనిచేయని మందు ఇచ్చాను. ఆరు నెలలు గడిచాక ఒప్పందం మారింది. గినీ పందులు వచ్చాయి. మొదటి వారంలోనే మందు పనిచేసింది.

ఆ రోజు అందరూ చేతులు కలిపారు. నాకు సంతోషం కంటే ఆ ఆరు నెలలే ఎక్కువగా గుర్తొచ్చాయి.

మగ గినీ పందుల రక్త పరీక్షల్లో ఒక విషయం కనిపించింది. మందు ఇచ్చినవాటిలో సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోన్లు తగ్గాయి. దాన్ని నివేదికలో దుష్ప్రభావాల కింద రాయమన్నారు. రాశాను. కానీ మనసు ఊరుకోలేదు. మెదడుకు పనిచేసే మందు ఈ హార్మోన్ల దాకా ఎందుకు పోయింది? పాత పరిశోధన పత్రాలు తిరగేయడం మొదలుపెట్టాను. బస్సులో చదివాను, వ్యాన్ కోసం నిలబడి చదివాను. అట్లా ఒకచోట, ముట్లుడిగిన స్త్రీల మెదళ్లను పరీక్షించిన పని గురించి చదివాను. ఒంటి వేడిని అదుపు చేసే చోటికి దగ్గర్లోనే కొన్ని కణాలుంటాయి. ముట్లుడిగాక ఆ కణాలు ఉబ్బిపోతాయి. అవి తయారుచేసే పెప్టైడ్ ఏమిటంటే, నా గొట్టాలకు అంటుకుపోయి నన్ను ఎనిమిది నెలలు ఏడిపించిందే.

ఆ పేజీ దగ్గరే ఆగిపోయి, దిగాల్సిన స్టాపు దాటి ఆరాంఘర్ దాకా పోయాను.

వేడి ఆవిర్లు. ఉన్నట్టుండి ఒంట్లో మంట లేవడం, చెమట పోయడం, మళ్లీ చలి. ఆ ఉబ్బిన కణాలు అవసరం లేకుండా కబురు పంపుతుంటే ఒళ్లు వేడెక్కిందని మెదడు మోసపోతుందేమో. మూడో తలుపు మూస్తే ఆ కబురు ఆగుతుందేమో. ఆ తలుపు మూసే మందు మా ఫ్రీజర్లో ఉంది. హార్మోన్ గోళీలు అప్పటికే ఉన్నాయి, కానీ అవి అందరికీ సరిపడవు, మన దగ్గర వాటి సంగతి చెప్పేవాళ్లూ తక్కువ.

మర్నాడు భోజనాల వేళ కడిగే గదికి పోయాను. నా చేతిలో నోటుపుస్తకం చూసి అక్క బెదిరింది. మళ్లీ ఏదో ఫిర్యాదు అనుకుంది. అందుకని ముందు ఆ పాత మాట చెప్పేశాను.

"ఆ దినం నీ తప్పేం లేదక్కా. గొట్టాలల్ల ఉండె తప్పు."

"గట్లనా" అంది, అంతే. బీకరు తోముతూనే ఉంది.

అప్పుడు కోల్డ్ రూంలోకి ఎందుకు పోయేదో అడిగాను. ఆమె కొళాయి కట్టేసి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"బయటుండుడు బందయ్యి మూడేండ్లాయె. అప్పటిసంది గిట్లనే. ముందుగాల రొమ్ముకాడ లేస్తది. ఇగ మెడకు, మొఖానికి పాకుతది. పొయ్యి ముందల కూసున్నట్టుంటది. రవికె తడుస్తది, ఎమ్మటే సలి పెడ్తది. దినానికి పదిసార్లు."

"దవాఖానకు పోయినవా?"

"పోయిన. బీపీ చూసిండ్రు. రక్తం తక్కువున్నదని గోళీలిచ్చిండ్రు. ఇది ఎవ్వరు అడుగలే, నేను చెప్పలే. చెప్పేదేమున్నది, అందరికి అయ్యేదే కదా."

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా అమ్మను అడిగాను. కొన్నేళ్ల కింద రెండు ఎండాకాలాలు అమ్మ మంచం వదిలేసి నేల తడిపి పడుకునేది. అప్పుడు ఫార్మకాలజీలో మంచి మార్కులు తెచ్చుకుంటున్న నేను ఆ నేల మీంచి అడుగు తప్పించి దాటి పోయేదాన్ని. అమ్మ కూడా అదే మాట అంది, అందరికీ అయ్యేదే అని. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. నా మీదా వచ్చింది.

రెండు పేజీల ప్రతిపాదన రాశాను. ముట్లుడిగిన స్థితిని జంతువుల్లో ఎలా తేవాలో, ఒంటి వేడిని ఎలా కొలవాలో, మా మందును ఎలా పరీక్షించాలో, ఎన్ని వారాలు పడుతుందో అంతా రాశాను. నెలవారీ సమావేశంలో చివర పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. గదిలో నేను తప్ప అందరూ మగవాళ్లే. ఫోన్లో పని ఇచ్చిన కంపెనీ మనిషి ఉన్నాడు. నేను చెప్పడం పూర్తయ్యాక, ఇది జబ్బు కాదు కదా, వయసుతో వచ్చేది కదా అని ఆయన మర్యాదగానే అన్నాడు. మా వాళ్లలో ఒకరు, ఏసీ పెట్టిస్తే సరిపోదా అన్నారు. కొందరు నవ్వారు.

మా విభాగాధిపతి కోస్తా వైపు వారు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే మనిషి. "ఆలోచన బాగుందండీ. కానీ మనకిచ్చిన పని స్కిజోఫ్రీనియా. దాని మీదే దృష్టి పెడదాం" అన్నారు.

అక్కడితో కూర్చోవలసింది. కూర్చోలేదు.

"ఇది జబ్బో కాదో ఒక్కసారి ఇంట్లో మేడంగారిని అడగండి సార్."

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. సమావేశం ముగిసిందన్నారు. బయటికొచ్చాక ఒక సహోద్యోగి, పెద్దవాళ్లతో అట్లాగేనా మాట్లాడేది అని నన్ను మందలించాడు. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆయన నన్ను తన గదికి పిలిచారు. కూర్చోమన్నారు.

"అడిగానండీ. మూడేళ్లుగా ఆవిడ హాల్లో కూలరు ముందు పడుకుంటోంది. నా మీద ఏదో కోపం అనుకున్నాను" అన్నారు.

నా ప్రతిపాదనను తన పేరు మీద పై కంపెనీకి పంపుతానని ఆయన చెప్పారు, మాట ప్రకారం పంపారు కూడా. ఆ ఉత్తరం నాకూ చూపించారు. నేను రాసినదానికంటే బాగా, గట్టిగా రాశారు. జవాబు మూడు వారాలకు వచ్చింది. రెండు వాక్యాలు. ఆసక్తికి ధన్యవాదాలు, ప్రస్తుతం తమ ప్రాధాన్యతల్లో ఇది లేదు. సొంతంగా చేద్దామా సార్ అని అడిగాను. మందు మనది కాదు కదండీ అన్నారు. నిజమే. దాన్ని తయారుచేసే పద్ధతి మా కెమిస్టులకు తెలుసు, అది ఏ తలుపు మూస్తుందో నాకు తెలుసు. అయినా ఒక్క చిటికె కూడా మాది కాదు.

2013లో ఆ పని మొత్తం ఆగిపోయింది. ఇలాంటి మందులు స్కిజోఫ్రీనియా రోగుల్లో ఆశించినంత మేలు చేయలేదని ఒక్కో కంపెనీ వెనక్కి తగ్గింది, మాకు పని ఇచ్చింది కూడా తగ్గింది. మిగిలిన మందును సీసాల్లో కొలిచి, లేబుళ్లు అతికించి, వాళ్లకు తిప్పి పంపాం. నా నోటుపుస్తకాలు పద్నాలుగు ఉంటే పద్నాలుగూ అట్టపెట్టెలో పెట్టి సంతకం చేయించుకున్నారు. ఈసారి ఎయిర్‌పోర్టులో కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పార్శిల్ అదే రోజు విమానమెక్కింది. నన్ను కాలేయం మీద మందుల ప్రభావం చూసే బల్లకు మార్చారు. అక్కడ కొత్త ఆలోచనలు ఎవరూ అడగరు, నేనూ చెప్పలేదు. ఏడాది తిరక్కుండా రాజీనామా చేసి షాద్‌నగర్ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత మూడో రిసెప్టర్‌ను మూసే మందే వేడి ఆవిర్లకు వేరే దేశంలో వచ్చింది. దాన్ని చేసినవాళ్లు నాకంటే ఎక్కువ కష్టపడ్డారు, ఎక్కువ తెలివిగలవాళ్లు. ఆ మందు మాది కూడా కాదు, అదే కణాల మీద పనిచేసే ఇంకోటి. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఆ వార్త చదివిన రోజు నేను తరగతికి పోలేదు. తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాను.

ఉద్యోగం మానేసే ముందు, 2014 వానాకాలంలో, శంషాబాద్ బస్ స్టాపులో అక్క కనిపించింది. ల్యాబ్‌లో కాంట్రాక్టరు మారినప్పుడు పాతవాళ్లందరినీ తీసేశారు. ఆమె అప్పటికి ఏడాదిగా ఎయిర్‌పోర్టులో బాత్రూములు శుభ్రం చేసే పనిలో ఉంది. నీలం రంగు యూనిఫాం మీద పేరు చీటీ, చేతిలో టిఫిన్ డబ్బా. నన్ను ముందు ఆమే గుర్తుపట్టింది. మేడం అనలేదు ఈసారి.

"మంచిగున్నవా బిడ్డా? ఆ మందు అయిందా?"

కాలేదక్కా అన్నాను. ఎందుకు కాలేదని అడుగుతుందేమోనని చూశాను. అడిగితే చెప్పడానికి నా దగ్గర రెండు పేజీలున్నాయి. ఆమె అడగలేదు.

"పోనీ తియ్యి. నాకిప్పుడు శానా తగ్గింది. దానంతటదే తగ్గింది" అంది.

మంచిదక్కా అన్నాను. ఆమెకు ఐదారేళ్లు పట్టింది తగ్గడానికి. ఎండల్లో, బస్సుల్లో, వేడినీళ్ల తొట్టి ముందు, రోజుకు పదిసార్లు చొప్పున అంతా ఆమే భరించింది. మా ల్యాబ్‌లో ఎవరం ఏమీ చేయలేదు. నేను చేసింది ఆమెను చల్లటి గదిలోంచి బయటికి పంపడం. ఆ మాట ఆమెతో అనబోయాను. అంతలో రావిర్యాల వైపు పోయే ఆటో వచ్చింది. అప్పటికే నిండిపోయి ఉంది. ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని, అంచున సగం కూర్చుని, పోతున్న బిడ్డా అంది. నేను తలూపాను. షాద్‌నగర్ బస్సు ఇంకా రాలేదు.